ఒంటరితనం, పలకరింపు, ఆరోగ్యం: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటే బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పుల తరవాత మాట మెల్లగా ఒంటరితనం వైపే తిరుగుతుంది. అమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదని ఒకరు, నాన్న గది దాటి రావడం లేదని మరొకరు, పిల్లాడు సూరత్ నుంచి ఫోన్ చేసి ఏడుస్తున్నాడని ఇంకొకరు. అవే సందేహాలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## అసలు విషయం అర్థం చేసుకోవడానికి

ఒంటరితనం కూడా ఆరోగ్య సమస్యేనా? మరీ పెద్దది చేసి చెబుతున్నారేమో?

పెద్దది చేయడం లేదండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో దీని కోసమే ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ 2025 జూన్ 30న నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దీనితో ముడిపడిన మరణాలు ఏడాదికి సుమారు 8,71,000 ఉంటాయని అందులో ఉంది. అంటే గంటకు దాదాపు 100 మంది. అంతకు ముందు నెలలోనే ప్రపంచ ఆరోగ్య సభ మనుషుల మధ్య సంబంధాల మీద మొదటిసారిగా ఒక తీర్మానం చేసింది. పొగాకు, కలుషిత నీరు లాంటి వాటి గురించి మాట్లాడే సభ అది. ఆస్పత్రి చీటీ మీద బీపీ అంకె పక్కన రాయదగ్గ విషయంగానే దీన్ని చూడాలి.

ఇల్లంతా జనమే. మా అమ్మకి ఒంటరితనం ఏమిటి?

మూడు వేరు వేరు సంగతులు మన మాటల్లో కలిసిపోతుంటాయి. ఇంట్లో ఒక్కరే ఉండడం ఒకటి. చుట్టాలూ స్నేహితులూ లేక రాకపోకలు తగ్గిపోవడం రెండోది. నాకు కావలసినంత దగ్గరితనం నాకు దొరకడం లేదనే బాధ మూడోది. ఈ మూడోదే ఒంటరితనం. పదిమంది ఉన్న ఇంట్లోనూ ఇది ఉంటుంది.

మన వైపు ఇళ్ళలో ఒకసారి చూడండి. కొడుకు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తాడు, కోడలు బడికో బ్యాంకుకో వెళ్తుంది, మనవలు ఇంటికొచ్చాక ఒకరితో ఒకరు ఒడియాలో మాట్లాడుకుంటారు. ఆవిడకి అన్నం పెడతారు, మందులిస్తారు, పండక్కి చీర కొంటారు. కానీ "నువ్వేమంటావమ్మా" అని అడిగేవాళ్ళుండరు. అలా ఏళ్ళు గడిచిపోతాయి.

కొందరికి ఒక్కరే ఉండడం ఇష్టం. వాళ్ళనీ లాక్కురావాలా?

అక్కర్లేదు. తోటపని, జపం, పుస్తకం, రేడియోతో హాయిగా గడిపేవాళ్ళున్నారు. రాకపోకలు తక్కువైనా అవసరం వస్తే పిలవడానికి ఎవరో ఒకరు ఉంటే వాళ్ళని వాళ్ళలా ఉండనివ్వండి. ముందు అలా లేని మనిషి ఇప్పుడు అలా మారితే మాత్రం కారణం కనుక్కోవాలి.

మాట్లాడకపోతే గుండెజబ్బు ఎలా వస్తుందండీ?

రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఒంట్లో జరిగేది. నాకెవరూ లేరని అనిపించినప్పుడు శరీరం ప్రమాదంలో ఉన్నట్టే ఉంటుంది. నిద్ర గాఢంగా పట్టదు, రక్తపోటు పెరుగుతుంది, టెన్షన్‌కి సంబంధించిన హార్మోన్లు ఎక్కువ కాలం ఎక్కువగానే ఉండిపోతాయి, ఒంటి లోపల పైకి కనబడని వాపు (ఇన్‌ఫ్లమేషన్) కొనసాగుతుంది. ఇది ఏళ్ళ తరబడి సాగితే రక్తనాళాలు పాడవుతాయి. రెండో దారి రోజువారీ బతుకులోది. ఒక్కరికే వండుకోవడం ఎందుకని పూట మానేస్తారు, మాత్ర వేసుకున్నారా అని అడిగేవాళ్ళుండరు, నడక ఆగిపోతుంది, పక్షవాతం వచ్చినా చాలాసేపటి వరకూ ఎవరికీ తెలియదు.

అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) 2023లో విడుదల చేసిన సలహాపత్రం ప్రకారం సంబంధాలు బలహీనంగా ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువ. జలుబు సంగతి కూడా చెప్పాలి. 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో 276 మంది ఆరోగ్యవంతులకి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఇంట్లో, పనిలో, వీధిలో, గుడిలో రకరకాల సంబంధాలున్నవాళ్ళకి జలుబు తక్కువగా పట్టింది.

ఈ లెక్కలన్నీ విదేశాలవి కదా. మనకి చుట్టరికాలు ఎక్కువ, మనకెందుకు వర్తిస్తాయి?

అధ్యయనాలు ఎక్కువగా ధనిక దేశాల్లో జరిగిన మాట నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో ఒంటరితనం ఎక్కువగా కనిపించింది పేద దేశాల్లోనే. అక్కడ సుమారు 24 శాతం, ధనిక దేశాల్లో సుమారు 11 శాతం. బీదరికం, వలస, దూరం, రవాణా లేకపోవడం మనుషుల్ని విడదీస్తాయి. చుట్టరికం గొప్ప ఆసరా, కాదనను. పెళ్ళికీ దినానికీ మాత్రమే కలిసే చుట్టరికం మిగతా రోజులకి సరిపోదు.

ఇది ముసలివాళ్ళ జబ్బే కదా?

కాదు. అదే నివేదికలో 13 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామని చెప్పారు. అందరికంటే ఎక్కువగా చెప్పింది టీనేజి పిల్లలు. హాస్టల్లో చేరిన అమ్మాయి, గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్ళి షిఫ్టుల వారీగా పడుకునే మెస్ గదిలో ఉన్న కుర్రాడు, నెలల పిల్లతో రోజంతా ఇంట్లోనే ఉండే తల్లి, వీళ్ళంతా ఈ లెక్కలో ఉన్నారు.

## మన సరిహద్దు ఊళ్ళ సంగతులు

మేం తరతరాలుగా ఇక్కడివాళ్ళమే. భాషకీ ఒంటరితనానికీ ఏం సంబంధం?

నన్నడిగితే మన ప్రాంతంలో ఈ సమస్యకి సగం వేరు ఇక్కడే ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ ప్రాంతాలు ఒడిశాలోకి వచ్చాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, సవర భాష కోసం కష్టపడిన ఊరు పర్లాకిమిడి. వి.వి.గిరిగారు పుట్టింది బరంపురంలో. ఇక్కడి తెలుగు వలస వచ్చిన భాష కాదు. కానీ బడి, ఆఫీసు, కోర్టు, బస్సు బోర్డు అన్నీ ఒడియాలోకి మారాయి. పిల్లలకి ఒడియా రావాలి, తప్పదు. ఆ చదువు వాళ్ళకి అన్నం పెడుతుంది.

దాంతో ఒకే ఇంట్లో మూడు తరాలకి మూడు రకాల చదువైపోయింది. తాతకి తెలుగు చదవడం వచ్చు, ఒడియా మాట్లాడగలడు కానీ చదవలేడు. తండ్రికి రెండూ కాస్త కాస్త వచ్చు. మనవడికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు, మాట్లాడమంటే సిగ్గు. తాత చెప్పే పాత సంగతులు ఆ పిల్లాడికి సగమే అందుతాయి. ఆస్పత్రిలో ఎలా ఉందని డాక్టరు ఒడియాలో అడిగితే "భల్ అఛి" అనేసి వచ్చేస్తారు పెద్దవాళ్ళు. కడుపులో మంట, గుండెలో దడ, రాత్రి పట్టే భయం ఎలా చెప్పాలో వాళ్ళకి తెలుగులోనే తెలుసు.

కాబట్టి మనవడికి రోజూ పావుగంట తాత దగ్గర తెలుగు అక్షరాలు దిద్దించడం చదువూ అవుతుంది, వైద్యమూ అవుతుంది. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళని వెంట పంపండి. "బాగానే ఉంది" దగ్గర ఆగిపోకుండా పెద్దవాళ్ళు చెప్పేది పూర్తిగా డాక్టరుకి చేరవేయాలి.

కొడుకు సూరత్‌లో ఉన్నాడు. రోజూ వీడియో కాల్ చేస్తాడు. అది చాలదా?

చాలా మేలు చేస్తుంది. ముఖం కనబడాలి, గొంతు వినబడాలి. అయితే చాలా కాల్స్ "తిన్నావా, మందేసుకున్నావా, ఉంటాను" దగ్గరే అయిపోతాయి. కొంచెం మార్చి చూడండి. ఏ వేళకి చేస్తారో ఒక వేళ ఖాయం చేయండి, ఆ కాల్ కోసం ఎదురుచూడడంలోనే సగం బలం ఉంది. అమ్మని సలహా అడగండి: పప్పుచారు ఎలా పెట్టాలి, ఫలానా పెళ్ళికి ఎంత చదివించాలి, పిల్లకి ఏ పేరు బాగుంటుంది. డబ్బు ఇబ్బందులు పూర్తిగా దాచిపెట్టకండి. నీకు చెప్పి లాభం లేదని అనిపించడం పెద్దవాళ్ళని బాగా కుంగదీస్తుంది.

సూరత్‌లో ఉన్న కుర్రాడి గురించి కూడా ఆలోచించాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి, మగ్గాల మోత చెవుల్లో మిగిలి ఉండగానే ఫోన్ తీస్తాడు. ఇంటి నుంచి వినబడేవన్నీ ఖర్చుల లెక్కలైతే క్రమంగా ఫోన్ చేయడం తగ్గించేస్తాడు. వాడి పని గురించి, గదిలో ఉన్నవాళ్ళ గురించి మీరే అడగండి.

మా చుట్టాలంతా శ్రీకాకుళం, విశాఖ వైపే. ఇక్కడ మాకెవరూ లేరనిపిస్తుంది.

పాతపట్నం పర్లాకిమిడికి పక్కనే, ఇచ్ఛాపురం బరంపురానికి దగ్గరే. నెలకోసారైనా వెళ్ళి రావడం అలవాటు చేసుకోండి, శుభకార్యం వచ్చేదాకా ఆగక్కర్లేదు. దాంతో పాటు నడిచి వెళ్ళే దూరంలో కనీసం ఇద్దరు కావాలి. ఒంట్లో బాగోనప్పుడు అర్ధరాత్రి తలుపు తట్టేది పక్కింటివాళ్ళదే. వాళ్ళు ఒడియావాళ్ళైనా, సవరలైనా, బెంగాలీలైనా సరే.

పెళ్ళై ఇక్కడికి వచ్చాను. అత్తవారింట్లో అందరూ ఒడియాయే. ఏడుపొస్తోంది, ఎవరితో చెప్పాలి?

మీ బాధలో తప్పేమీ లేదమ్మా. కొత్త ఇల్లు, కొత్త భాష, కొత్త వంట అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పుట్టింటివాళ్ళతో మాట్లాడడానికి రోజుకో సమయం కావాలని భర్తతో సూటిగా చెప్పండి, అది మీ హక్కు. ఇంట్లో ఒక మనిషిని, ఆడపడుచో తోటికోడలో అత్తగారో, మీకు భాష నేర్పమని అడగండి. నేర్పించేవాళ్ళకి నేర్చుకునేవాళ్ళ మీద మమకారం పుడుతుంది. వీధిలో మిషన్ శక్తి మహిళా సంఘం ఉంటే చేరండి. ఒడిశాలో 2001 నుంచి ఈ సంఘాలున్నాయి. పొదుపు లెక్కతో పాటు అక్కడ నలుగురి పరిచయం దొరుకుతుంది. ఫోన్ లాక్కోవడం, పుట్టింటికి వెళ్ళనివ్వకపోవడం, కొట్టడం ఉంటే మాత్రం అది హింస. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేయండి.

## ఇంట్లో గుర్తుపట్టేటప్పుడు

పెద్దవాళ్ళు ఒంటరితనంతో ఉన్నారని ఎలా తెలుస్తుంది?

పరిశోధకులు వాడే మూడు చిన్న ప్రశ్నలున్నాయి. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? నన్ను పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఒక్కోదానికి దాదాపు ఎప్పుడూ లేదు అంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచుగా అంటే 3 వేస్తారు. మొత్తం 3 నుంచి 9 వరకు వస్తుంది. ఎంత ఎక్కువైతే బాధ అంత ఎక్కువ. కాగితం పట్టుకుని పరీక్షలా అడక్కండి. బియ్యం ఏరుతూనో తలకి నూనె రాస్తూనో అడగండి.

అడక్కుండానే కనిపించేవి కొన్ని: స్నానం, తల దువ్వుకోవడం అశ్రద్ధ చేయడం. గుడికీ సంతకీ వెళ్ళడం మానేయడం. పగలంతా నిద్ర. చిన్న నొప్పికే మళ్ళీమళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తానడం. ఈ చివరిది చాలామంది చాదస్తం అనుకుంటారు. కొందరికి తమ మాట అయిదు నిమిషాలు శ్రద్ధగా వినే మనిషి ఆ డాక్టరు ఒక్కరే.

అడిగితే "నాకేంటి, బాగానే ఉన్నాను" అంటారు. అప్పుడు?

ప్రశ్న మార్చండి. "ఒంటరిగా ఉందా" అంటే పిల్లల మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని ఒప్పుకోరు. "ఈ వారం ఎవరొచ్చారు? ఎవరితో నవ్వావు? ఎవరి ఇంటికి వెళ్ళాలనుంది?" అని అడిగితే జవాబులోనే సంగతి తెలిసిపోతుంది.

ఇది ఒంటరితనమా, డిప్రెషనా?

రెండూ కలిసీ ఉండొచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. ఒంటరితనం ఉన్న మనిషి కావలసినవాళ్ళు వస్తే తేరుకుంటాడు. డిప్రెషన్ ఉన్న మనిషికి ఇష్టమైనవాళ్ళు వచ్చినా ఏమీ అనిపించదు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో ఆకలిలో మార్పు, నేను పనికిరాననే మాట రెండు వారాలకి మించి ఉంటే డాక్టరుకి చూపించండి. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి.

చెవి సరిగా వినబడకపోవడం వల్ల కూడా ఇలా అవుతారా?

అవుతారు, ఇది చాలా ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని సంగతి. మాట వినబడకపోతే "ఆఁ?" అని రెండుసార్లు అడుగుతారు, మూడోసారి ఎదుటివాళ్ళు విసుక్కుంటారు, నాలుగోసారి నుంచి అడగడం మానేసి నవ్వి ఊరుకుంటారు. ఆ తరవాత నలుగురిలో కూర్చోవడమే మానేస్తారు. మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ వైద్యపత్రిక వేసిన కమిషన్ 2024లో 14 కారణాల జాబితా ఇచ్చింది, మనం మార్చగలిగినవి. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, మనుషులకి దూరం కావడం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మన పెద్దవాళ్ళలో ఈ మూడూ ఒకే మనిషికి ఉండడం మామూలే.

ముందు చెవిలో గుబిలి ఉందేమో చూపించండి, ఒక్కోసారి దాంతోనే తేలిపోతుంది. శుక్లాలుంటే ఆపరేషన్ చేయించండి. 60 దాటిన పేదవాళ్ళకి వినికిడి యంత్రం, కళ్ళజోడు, చేతికర్ర, పళ్ళసెట్టు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. శిబిరం ఎప్పుడు పెడతారో బ్లాక్ ఆఫీసులో అడగండి. ఇచ్చిన యంత్రం డబ్బాలోనే ఉండిపోకుండా మొదటి నెల రోజూ దగ్గరుండి పెట్టించాలి. కొత్తలో గోలగా అనిపిస్తుంది, అలవాటు పడడానికి టైమ్ పడుతుంది.

ఇంకో మాట. మూత్రం ఆపుకోలేకపోవడం వల్ల గడప దాటనివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చాలామంది ఉన్నారు. సిగ్గుతో చెప్పరు. దీనికి వైద్యం ఉంది. కూతురో కోడలో మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

## ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు

ముందుగా ఏం చేయాలి?

చిన్నదీ, తప్పకుండా జరిగేదీ ఒకటి పెట్టుకోండి. రోజూ రాత్రి భోజనం కలిసి, టీవీ ఆపి. లేదా ప్రతి గురువారం సంతకి అమ్మతో కలిసి. ఏడాదికోసారి తీర్థయాత్రకి తీసుకెళ్ళడం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఈ వయసులో పెద్దవాళ్ళకి పని చెప్పడం పాపం కాదా?

బరువులు మోయించడం పాపం. పని లేకుండా కూర్చోబెట్టడం వాళ్ళకి మేలు కాదు. ఆవకాయ పాళ్ళు చూడడం, పాలవాడి లెక్క, మనవరాలి జడ, దేవుడి గది, పెరట్లో మొక్కలు, ఇవన్నీ ఇంటికి నిజంగా అవసరమైనవే. నీ అవసరం ఇంకా ఉందని వేరే చెప్పక్కర్లేకుండా వాళ్ళకే తెలుస్తుంది. ఉత్తుత్తి పని మాత్రం ఇవ్వకండి, వెంటనే కనిపెట్టేస్తారు.

మా అమ్మ పోయాక నాన్న బయటికి రావడం లేదు. ఎవరు పిలిచినా వెళ్ళడం లేదు.

చాలా ఇళ్ళలో మగవాళ్ళ చుట్టరికాలన్నీ భార్య చేతుల మీదుగానే నడుస్తాయి. ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవరిని పలకరించాలో ఆవిడే చూసుకుంటుంది. ఆవిడ పోతే ఆయనకి భార్యతో పాటు ఊరు కూడా పోతుంది. వంట రాకపోతే తిండి కూడా చెడుతుంది. కొందరు తాగుడులో పడతారు.

మొదటి నెలల్లో దుఃఖాన్ని దుఃఖంగానే ఉండనివ్వండి. ఆవిడ పేరు ఎత్తకూడదని మీరు నియమం పెట్టుకోకండి, ఆయనకి మాట్లాడాలనే ఉంటుంది. తరవాత ఆయనకి తెలిసిన పని దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళండి. రైల్వేలో చేసినాయన అయితే తన తోటి పెన్షనర్ల దగ్గరికి, మాస్టారైతే ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పడానికి, రైతైతే పొలం గట్టుకి. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పడం తక్కువ, పక్కపక్కన పని చేస్తూ మాట్లాడతారు. నాలుగు వంటలు నేర్పండి. భార్య చేసే పలకరింపుల్లో రెండు ఆయనకే అప్పజెప్పండి, పండగకి పెద్దక్కకి ఫోన్ చేయడం లాంటివి.

భర్త పోయినవాళ్ళని పేరంటాలకి పిలవరు కదా, వాళ్ళేం చేయాలి?

మారాల్సింది వాళ్ళు కాదు, మనం. శ్రావణమాసం నోములు, సీమంతం, పెళ్ళి ఇలా వీధి ఆడవాళ్ళంతా కలిసేవి అవే. వాటి నుంచి ఒక మనిషిని తప్పించామంటే ఏడాదికి ఆవిడకున్న కలయికలన్నీ తీసేసినట్టే. ఇది ఆచారం పేరుతో మనం చేతులారా తెచ్చిపెడుతున్న జబ్బు. మీ ఇంట్లో కార్యానికి ఆవిడని ముందే పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వండి. ఎవరైనా ఏమైనా అంటే ఇంటి పెద్దే జవాబు చెప్పాలి. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు చేస్తే మిగతావాళ్ళూ చేస్తారు.

టీవీ, ఫోన్ మంచివా చెడ్డవా?

మనుషుల్ని కలిపితే మంచివి, మనుషుల బదులు వస్తే చెడ్డవి. పెద్దవాళ్ళకి వాయిస్ మెసేజ్ పంపడం నేర్పండి, టైపింగ్ రాకపోయినా పరవాలేదు.

## వీధిలో, ఊళ్ళో చేసేటప్పుడు

మా వీధిలో మేమేం చేయగలం? డబ్బు లేదు.

చోటు, వేళ, పని, ఈ మూడూ కుదిరితే చాలు. చోటు మనకి ఉంది: రామమందిరం, రచ్చబండ, ఒడియా ఊళ్ళలో భాగవత టుంగి (భాగవతం చదువుకునే గది), అంగన్‌వాడీ వరండా. వేళ మారకూడదు, శనివారం సాయంత్రం అయిదంటే అయిదే. పని అనేది బాగా ముఖ్యం. ఒంటరివాళ్ళంతా రండి అని పిలిస్తే ఎవరూ రారు, ఎవరొస్తారు చెప్పండి? భజన, బీపీ చూడడం, విస్తర్లు కుట్టడం, పిల్లలకి తెలుగు చెప్పడం అని పిలిస్తే వస్తారు.

బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగేటప్పుడు చూడండి. నేతవారి పెద్ద దేశిబెహరా ఆధ్వర్యంలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది, వేషాలు కట్టినవాళ్ళతో వీధులు నిండిపోతాయి. ఎప్పుడూ గడప దాటని ముసలమ్మలు కూడా ఆ రాత్రుళ్ళు అరుగు మీద ఉంటారు. కలిసే సామర్థ్యం మనకి కావలసినంత ఉంది. యాత్ర లేని నెలల్లో వారానికో గంట చాలు.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఒక పని మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రం బయట చెట్టుకింద ఒక బల్ల వేసి, కొద్దిపాటి శిక్షణ ఇచ్చిన అమ్మమ్మల్ని కూర్చోబెట్టారు. దిగులుగా ఉన్నవాళ్ళు వచ్చి ఆ బల్ల మీద కూర్చుని చెప్పుకోవచ్చు. 2016లో అచ్చయిన పరీక్షలో, ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళకి మామూలు వైద్యం అందినవాళ్ళకంటే దిగులు బాగా తగ్గింది. మన ఊళ్ళలో బల్లలూ ఉన్నాయి, వినడం తెలిసిన అమ్మమ్మలూ ఉన్నారు.

మొదట్లో వచ్చి తరవాత మానేస్తారు. ఎలా?

రానివాళ్ళ ఇంటికి మర్నాడే ఒకరు వెళ్ళాలి, నిష్ఠూరానికి కాదు, ఎలా ఉన్నారో చూడడానికి. చాలాకాలం ఒంటరిగా ఉన్న మనిషికి అవతలివాళ్ళు తనని చులకనగా చూస్తున్నారనే అనుమానం తొందరగా వస్తుంది. ఒక్క మాట పడితే ఆగిపోతారు. 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, మనుషుల్ని ఊరికే ఒకచోట చేర్చిన వాటికంటే ఈ అనుమానాన్ని తగ్గించిన పద్ధతులే బాగా పనిచేశాయని తేలింది. మోకాళ్ళ నొప్పులో, చీకట్లో తిరిగి వెళ్ళడానికి భయమో కూడా కారణం కావచ్చు. తోడు పంపండి.

అందరూ కలవాలంటారు గానీ, మా పేటవాళ్ళని రామమందిరంలోకి రానివ్వరు.

అది నిజం, దాన్ని దాచిపెట్టి కలయిక గురించి మాట్లాడడం తప్పు. కొందరిని బయట నిలబెట్టిన చోట ఆరోగ్యం ఉండదు. అలాంటప్పుడు అందరిదీ అయిన చోటు ఎంచుకోండి, బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం. గుడిలోకి రాకుండా ఆపడం చట్టప్రకారం నేరం కూడా. పిలిచేవాళ్ళలో, నడిపేవాళ్ళలో ఆ పేటవాళ్ళు మొదటి రోజు నుంచే ఉండాలి.

తుపాను వచ్చినప్పుడు ఇది ఎందుకు పనికొస్తుంది?

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అలాంటి రాత్రి హెచ్చరిక ఫోన్‌కి వస్తుంది, మనిషిని మంచం మీంచి లేపి షెల్టరుకి తీసుకెళ్ళేది పక్కింటివాళ్ళే. ఏ ఇంట్లో ఒక్కరే ఉన్నారు, ఎవరు నడవలేరు, ఎవరికి వినబడదు అని వీధికో జాబితా సెప్టెంబరులోనే రాసి, ఒక్కో పేరు పక్కన ఒక కుర్రాడి పేరు రాయండి. మే నెల వడగాడ్పులకీ అదే జాబితా పనికొస్తుంది.

## ఆస్పత్రి, హెల్ప్‌లైన్, చట్టం

ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారా?

మనసు బాగోనప్పుడు చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, 20 భాషలున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. కాల్ కలిశాక భాష ఎంచుకోమంటే తెలుగు ఎంచుకోండి. 60 దాటినవాళ్ళకి ఎల్డర్‌లైన్ 14567 ఉంది, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 వరకు. పెన్షన్, వేధింపు, దిక్కులేని పెద్దవాళ్ళ సంగతి, ఊరికే మాట్లాడాలనిపించడం, ఏదైనా చెప్పొచ్చు. రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి.

"నేను పోతే బాగుణ్ణు" అంటున్నారు. మాటవరసకేనా?

మాటవరసకని తీసేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన రాదు, ఉన్న బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, మాత్రలు ఇంట్లోంచి తీసేయండి, 14416కి చేయండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే 112కి చేయండి లేదా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తే పిచ్చి అనుకుంటారు.

ముందు మామూలు డాక్టరుకే చూపించండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 తక్కువవడం వల్ల కూడా ఇలాంటి లక్షణాలే వస్తాయి. జిల్లా ఆస్పత్రుల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సేవలుంటాయి. బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, తెలుగు రోగులు అక్కడ కొత్త కాదు.

పిల్లలు అసలు చూడటం లేదు. చట్టం ఏమైనా చేస్తుందా?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. సబ్ కలెక్టర్ స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టుకుంటే నెలకి 10,000 రూపాయల వరకు ఇప్పించగలరు. పిల్లలు లేనివాళ్ళు, తమ ఆస్తి పొందబోయే బంధువుల మీద వేయొచ్చు. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతని రద్దు చేయమనీ అడగొచ్చు. చట్టం తిండీ నీడా ఇప్పించగలదు. దగ్గరితనం ఇప్పించలేదు, కాబట్టి వీలైతే ముందు ఇరుపక్షాలకీ కావలసిన పెద్దమనిషిని కూర్చోబెట్టి మాట్లాడించండి. కొడుతున్నా, ఇంట్లోంచి గెంటేసినా ఆగకండి.

## పంచాయతీని అడిగేటప్పుడు

స్నేహాలు కూడా ప్రభుత్వమే ఇస్తుందా?

ఇవ్వలేదు. మనుషులు కలిసే వీలు మాత్రం ప్రభుత్వమే చేయాలి. బ్రిటన్ 2018లో ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టింది. జపాన్ 2021లో పెట్టింది, 2024 ఏప్రిల్ నుంచి అక్కడ ఒక చట్టమే అమల్లో ఉంది. మనకి మంత్రి కన్నా ముందు వీధిదీపం కావాలి, బస్సు కావాలి.

పల్లీసభలో (ఊరివాళ్ళంతా కూర్చునే సభ) ఏం అడగాలో చెప్పండి.

రాసుకుని వెళ్ళండి. పెన్షన్ ఇచ్చే చోట నీడ, తాగునీరు, కూర్చోవడానికి బల్లలు కావాలని అడగండి. నెలకోసారి ఊరి పెద్దవాళ్ళంతా కలిసే రోజు అదే, నిలబడలేక తొందరగా వెళ్ళిపోతున్నారు. సంత దగ్గర ఆడవాళ్ళకి తలుపు గడియ పడే మరుగుదొడ్డి, రామమందిరం దారిలో దీపం, బస్సు మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఆసరా అడగండి. పంచాయతీ గదిలో తెలుగు పేపరు ఒకటి, ఒడియా పేపరు పక్కనే, రోజూ వేయించమనండి. ఆశా దీదీ ఇంటికొచ్చి బీపీ చూసేటప్పుడు "ఈ వారం ఎవరితో మాట్లాడారు?" అని కూడా అడిగి రాసుకునేలా ఆరోగ్య కేంద్రానికి తీర్మానం పంపమనండి. తెలుగు ఇళ్ళు ఎక్కువున్న చోట తెలుగు వచ్చిన ఆశా దీదీనే పంపమని కూడా రాయించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో సంతకం పెట్టే ముందు చదివించుకోండి.